రత్నం దగ్గర లేని సరుకు

అనకాపల్లిలో కొత్తగా తెరిచిన బట్టల దుకాణం నుంచి ఫోన్ వచ్చినప్పుడు హైమావతి ప్రయోగశాలలో అన్నం డబ్బా మూత తీస్తోంది. మాట్లాడుతున్నది దుకాణం మేనేజరు. ఒకామెను తలుపు దగ్గర ఆపామనీ, ఆమె ఏడుస్తూ మీ నంబరే ఇచ్చిందనీ, పోలీసుల దాకా పోకముందే మీరొస్తే బాగుంటుందనీ అన్నాడు. అతని మాటల వెనక నుంచి ఎవరో వెక్కుతున్న చప్పుడు వినిపించింది. అది తన ఆడపడుచు నూకరత్నం గొంతు. హైమ డబ్బా మూత పెట్టేసి, బల్ల మీదున్న, ట్యాగులు చదివే చేతి రీడరును సంచిలో వేసుకుని బయల్దేరింది.

దుకాణంలో రత్నం కౌంటరు వెనక ప్లాస్టిక్ స్టూలు మీద కూర్చుని ఉంది. కొప్పు ఊడిపోయింది. కుచ్చిళ్లు హడావుడిగా దోపుకున్నట్టున్నాయి. కూతురి స్కూలు యూనిఫాం కోసం కొన్న గుడ్డ బిల్లుతో సహా ఒళ్లోనే ఉంది.

"నానేటీ తియ్యనేదు వదినా," అంది లేవకుండానే. "రెండుసార్లు సీర ఇప్పించి సూసినారు."

మేనేజరు కుర్రవాడు. సిగ్గుపడుతూనే తలుపు పక్కనున్న తెర చూపించాడు. తలుపుకు అటూ ఇటూ నిలువెత్తు పలకలున్నాయి. వాటి మధ్య నుంచి రత్నం బయటికి నడవగానే ఎర్రదీపం వెలిగి మోత మొదలైందట. తెర మీద వరసగా పేర్లు పడ్డాయట. పట్టుచీరలు, షాంపూ సీసాలు, దగ్గుమందు, ప్రెషర్ కుక్కర్లు.

"ఎక్కడెక్కడి గోదాముల్లోనో పోయిన సరుకంతా ఈవిడ దగ్గరే ఉందంటోంది మేడమ్. కుక్కర్లు ఎక్కడ దాచుకుంటుందని మావాళ్లకే నవ్వొచ్చింది. కానీ మోత ఆగట్లేదు కదా. మేమేం చెయ్యమంటారు?"

ఆ పలకల గేటు లోపలి సంగతి హైమకు తెలిసినంతగా ఆ ఊళ్లో ఎవరికీ తెలియదు. సరుకులో ఉండి, గేటు పిలిస్తే పలికే ట్యాగులను తయారు చేసింది ఆమే. రత్నాన్ని పక్కగదిలోకి తీసుకెళ్లి తలుపు వేసింది. రీడరు బలం బాగా తగ్గించి ముందు సంచి మీద పెట్టింది. పలకలేదు. చెప్పులు, కొంగు, జుట్టు చూసింది. ఎక్కడో ఒకటీ అరా పలికాయి. అలవాటుగా చెయ్యి కిందికి దింపుతుంటే, రత్నం రొమ్ము ఎముక దగ్గరికి వచ్చేసరికి రీడరు ఎడతెగకుండా కూయడం మొదలుపెట్టింది. వెనక్కి తిప్పి వీపు మీద పెట్టింది. అక్కడా అంతే. హైమ రీడరు ఆపేసింది.

బయటికొచ్చి మేనేజరుతో, "మా కంపెనీ పొరపాటు. ఆమె దగ్గర సరుకేమీ లేదు," అంది.

"సరే మేడమ్. కొన్నాళ్లు ఇటు రావద్దని మాత్రం చెప్పండి. మిగతా కస్టమర్లు భయపడుతున్నారు."

కారు బెల్లం మార్కెట్ దాటాక రత్నం అడిగింది.

"వదినా, నిజం సెప్పు. నాలో ఏటున్నాది?"

"పొడి," అంది హైమ.

"మన పొడా?"

"మన పొడే."

రత్నం కిటికీలోంచి బయటికి చూస్తూ, "మాస్కు ఎట్టుకునే ఉన్నాను కదేటి," అంది. కోపంగా కాదు. లెక్కలో తప్పెక్కడొచ్చిందో చూసుకుంటున్నట్టు అంది.

*

ధూళి ట్యాగు హైమ యౌవనమంతా తినేసిన పని. అంతకుముందు ట్యాగులు తపాలా బిళ్లంత ఉండేవి. పెట్టెకు అంటించాలి, చీరకు కుట్టాలి. ఊడిపోతే అంతే సంగతులు. హైమ చేసినవి కంటికి ఆనవు. ఇంకులో, రంగులో, గంజిలో కలిపేయొచ్చు. వాటికి బ్యాటరీ ఉండదు. గేటు పంపే రేడియో తరంగం తగలగానే దాన్నుంచే కాస్త బలం తీసుకుని తమ నంబరు చెబుతాయి. ఒక మనిషి రీడరు పట్టుకుని బీరువాల మధ్య ఒకసారి నడిస్తే చాలు, దుకాణంలో ఏ వస్తువు ఎక్కడుందో తేలిపోతుంది. విజయవాడ గోదాములో మాయమైన పెట్టె రాయపూర్‌లో ఏ అంగడి గేటు దాటినా దొరికిపోతుంది. వ్యాపారస్తులందరూ కలిసి నంబర్లన్నిటికీ ఒకే రిజిస్టరు పెట్టుకున్నారు. ఎవరి సరుకు పోయినా అందరి గేట్లూ వెతుకుతాయి.

పొడి తయారయ్యేది ఊరి బయట పారిశ్రామికవాడలో. డ్రమ్ముల్లో వచ్చిన దాన్ని చిన్న పొట్లాల్లో నింపేది ఆడవాళ్లు. రత్నం భర్త దేముడు బెల్లం మార్కెట్లో కలాసీ. బస్తాల మీంచి జారి పడి నడుం పట్టేసి, అతను ఇంట్లో కూర్చున్న రోజుల్లో ఆ నింపే గదిలో రత్నానికి పని చూపించింది హైమే. కూర్చుని చేసే పని, ఎండా వానా లేదు, చల్లటి గది అని చెప్పింది. ఆ చల్లదనం కోసం గాలిని ఆ గదిలోనే తిప్పుతూ ఉండేవారు. కాగితపు మాస్కు రంధ్రాలకంటే పొడి సన్నగా ఉంటుందని హైమకు తెలుసు. కానీ ఆమె ఆలోచన ఎప్పుడూ పొట్లంలోకి ఎంత చేరిందన్న దాని మీదే ఉండేది. చేరనిది ఎటు పోతోందని ఎవరూ చూడలేదు.

పొట్లంలోకి చేరని పొడి నంబర్లను కూడా ముందే ఏ కుక్కర్ల కంపెనీకో, ఏ చీరల కంపెనీకో రాసేసి ఉంచారు. వాళ్ల లెక్కల్లో అది తప్పిపోయిన సరుకు. ఆ సరుకును గేట్లు ఇప్పుడు రత్నం ఛాతీలో కనిపెట్టాయి.

హైమ వెళ్లి ఇదంతా కంపెనీ డైరెక్టరు రంగనాథరాజుకు చెప్పింది. ఆయన కూడా ఒకప్పుడు ఆమె పక్కనే మైక్రోస్కోపు మీద వంగి పనిచేసినవాడే.

"ఆమె ఒక్కర్తేనా?" అన్నాడు అంతా విని.

"ఆ గదిలో పనిచేసిన వాళ్లందరూ అయ్యుంటారు. ఒక్కొక్కరే దుకాణాలకి వెళ్తున్న కొద్దీ బయటపడుతుంది."

ఆయన కళ్లు మూసుకుని కణతలు నొక్కుకున్నాడు. "ట్యాగుని చంపే కమాండు ఉంది కదా. దాంతో ఆపెయ్యలేమా?"

"వస్తువు మీద పనిచేస్తుంది. మనిషి లోపల ఎప్పుడూ చూడలేదు."

"చూడండి. నింపే గది మరమ్మతుల పేరుతో మూసేద్దాం. వాళ్లకి సగం జీతం ఇద్దాం. మీరు దీని మీదే ఉండండి, హైమా."

*

హైమ రోజూ పొద్దున్నే మాంసం దుకాణంలో మేక ఊపిరితిత్తులు కొనుక్కుని ప్రయోగశాలకు తీసుకెళ్లేది. వాటిని ఉప్పునీటిలో తేలేలా ఉంచి, గొట్టంతో గాలి ఊదుతూ, ఆ గాలిలో పొడి కలిపేది. తర్వాత పలక దగ్గరగా పెట్టి పిలిస్తే ఊపిరితిత్తి రత్నంలాగే పలికేది.

నంబరు చెప్పడానికి ట్యాగుకు కాస్త బలం చాలు. చావడానికి అంతకు ఎన్నో రెట్లు కావాలి, లోపలున్న తీగ ఒకటి కాలి తెగిపోవాలి. పెట్టె మీదున్న ట్యాగుకైతే అది ఒక క్షణం పని. తడి కండ మధ్యలో చిక్కుకున్న దాని దాకా ఆ బలం చేరాలంటే దారిలో ఉన్నదంతా వేడెక్కుతుంది. హైమ తరంగాన్ని మార్చి చూసింది. ముక్కలు ముక్కలుగా పంపి చూసింది. నాలుగు వైపుల నుంచి పలకలు పెట్టి చూసింది. పొడి పలకడం మానేసే సమయానికి గదంతా నూనె లేకుండా వేపిన మాంసం వాసన వచ్చేది. కోసి చూస్తే లోపల తెల్లగా ఉడికిపోయి ఉండేది. ఆమె కిటికీలు తెరిచి, ఆ గిన్నె బయట పారబోసి, మళ్లీ మొదలుపెట్టేది.

అదే సమయంలో రత్నం బయటికి వెళ్లడం తగ్గించేసింది. మందుల షాపులో గేటు. రేషన్ డిపోలో కొత్తగా గేటు. ప్రతి చోటా ఆగి, చేతులు పైకెత్తి, "నాకాడ ఏటీ నేదు బాబూ, కంపెనీలో పనిసేసినాను, ఆ పొడి లోపలికెల్లిపోనాది," అని మొదటినుంచీ చెప్పాలి. కొందరు నమ్మేవారు. నమ్మినవాళ్లు ఓ అడుగు వెనక్కి జరిగేవారు. వీధిలో పిల్లలు గంటమ్మ అని పేరు పెట్టారు. ఓ రోజు, నడుం కాస్త నయమై మళ్లీ పనిలోకి వెళ్తున్న దేముడికి అన్నం తీసుకుని బెల్లం మార్కెట్‌కు వెళ్లింది. ఆ మధ్యే బెల్లం దిమ్మల బుట్టలకూ ట్యాగులు పెట్టారు. రత్నం షెడ్డులో అడుగుపెట్టగానే కాటా దగ్గర లెక్కంతా తారుమారైంది. కమీషను వ్యాపారి దేముడి మీద అరవలేదు. మర్యాదగానే, మీ ఆవిడ్ని ఇటు రానివ్వకు అన్నాడు. ఆ మర్యాదకే దేముడికి ఎక్కువ తల కొట్టేసినట్టైంది.

ఆ సాయంత్రం అతను హైమ ఇంటికొచ్చాడు.

"అక్కా, దానికి నొప్పి నేదు, జెరం నేదు. తిండి మాత్రం తింటం నేదు. గుమ్మంలో కూకుని అలాగే సూస్తంటాది. ఎప్పటికవుద్ది నీ పని?"

"చూస్తున్నా దేముడూ," అంది హైమ. ఆ మాట ఎన్నోసారి అన్నదో ఆమెకే తెలియదు.

*

చివరికి దారి చూపించింది రంగనాథరాజే.

"ట్యాగుల్ని చంపక్కర్లేదు," అన్నాడు ఆమెను గదిలోకి పిలిచి. "రిజిస్టరులోంచి ఆ నంబర్లు తీసేద్దాం. పొడి పలుకుతుంది కానీ అది ఏమిటో గేటుకి తెలియదు. తెలియని నంబరుకి గేటు మోగదు. రేపటి నుంచి ఈ ఆడవాళ్లు ఎక్కడికైనా మామూలు మనుషుల్లా వెళ్లొచ్చు. నంబర్లు కేటాయించే అధికారం మీది కనుక మీ సంతకం ఒక్కటే కావాలి."

హైమకు మొదట కలిగింది సంతోషమే. ఇంత తేలిక సంగతి తనకు ఎందుకు తట్టలేదా అనుకుంది. కలం చేతిలోకి తీసుకున్నాక ఆగింది.

"నంబర్లు తీసేస్తే అవి మన పొడి అని చెప్పడానికి ఇంకేం ఉంటుంది?"

ఆయన కాగితాన్ని ఆమె వైపు ఇంకాస్త జరిపాడు.

"ఎక్స్‌రేలో అవి కనపడవు. రేపు వీళ్లలో ఎవరికైనా జబ్బు చేస్తే?"

"చేస్తుందని ఎవరన్నారు? ఇసుకలాంటిదే కదా."

"రాళ్లు కొట్టేవాళ్ల ఊపిరితిత్తుల్ని ఇసుకే కదండీ తినేసేది."

రంగనాథరాజు కుర్చీలో వెనక్కి వాలాడు. గడ్డం గీసుకుని రెండు రోజులైనట్టుంది. "ఇది బయటికి పోతే కంపెనీ ఉండదు. కంపెనీ లేకపోతే వాళ్లకి ఆ సగం జీతమూ ఉండదు. నేను దుర్మార్గుణ్ణి కాదు హైమా. వాళ్లకి ఇవాళ కావలసింది మోత ఆగడం. అదే ఇస్తున్నా."

ఆమె కాగితాన్ని సంచిలో పెట్టుకుని ఇంటికొచ్చింది. భర్త అప్పలస్వామి మోటార్లకు తీగ చుట్టే దుకాణం నడుపుతాడు. అంతా విని, చేతుల గ్రీజు తుడుచుకుంటూ, "ఉద్యోగం అప్పుడు నువ్వే చూశావు. ఇది కూడా నువ్వే చూస్తావా, ఈసారి దాన్ని అడుగుతావా?" అన్నాడు. రత్నం అతని చెల్లెలు. ఇన్నాళ్లుగా అతను ఆ సంగతి మీద అన్న మాట అదొక్కటే.

హైమ వెళ్లి అడిగింది. సంతకం పెడితే ఏమవుతుందో, పెట్టకపోతే ఏమవుతుందో దాచకుండా చెప్పింది. రత్నం ఆసాంతం విని, "పెట్టీ వదినా," అంది.

"జబ్బు చేస్తే రుజువుండదు రత్నం."

"సేసినప్పుడు సూద్దుము. నాకు రోజూ సేస్తున్నాది కదేటి ఇప్పుడు. రుజువెట్టుకుని నానేటి సేసుకోను? పిల్లని బడి కాడ దింపడానికి కూడా ఎల్తం నేదు, ఆ పక్కన కొత్త బజారుకి గేటెట్టినారని. అలిసిపోనాను వదినా. నీకు దణ్ణమెడతాను."

"ఒక్కదానివే కాదుగా. మిగతావాళ్లని కూడా అడగాలి."

"అడుగు. అందరూ ఇదే సెప్తారు."

నిజంగానే చాలామంది అదే చెప్పారు. బంగారమ్మను ఇంకా అడగాల్సి ఉంది. నింపే గదిలో రత్నం పక్క బల్ల ఆమెది. ఆమె ఆసుపత్రిలో ఉందని తెలిసి రత్నమే చూడ్డానికి వెళ్లింది.

*

బంగారమ్మకు టీబీ అన్నారు. నెలల తరబడి ఆ మాత్రలే మింగుతోంది. దగ్గు తగ్గలేదు. మనిషి మాత్రం సగమైపోయింది. ఆ రోజు ఆమెను చూడ్డానికి వచ్చిన రత్నం ఆమె జబ్బ పట్టుకుని మందుల గది దాకా నడిపించింది. ఆ తలుపుకూ కొత్తగా గేటు పెట్టారు. ఇద్దరూ దాటగానే ఆసుపత్రంతా వినపడేలా మోగింది. కాపలావాడు పరుగున వచ్చాడు. రత్నం అలవాటుగా చేతులు పైకెత్తింది. బంగారమ్మకు చేతులెత్తే ఓపిక కూడా లేదు, గోడకు ఆనుకుని కిందికి జారింది.

బంగారమ్మకు వైద్యం చేస్తున్న డాక్టరు షకీలా అటుగా వెళ్తూ ఆగింది. తెర మీద పేర్లు చదివింది. పేషెంటు దగ్గర షాంపూ సీసాలేమిటని అడిగింది. రత్నం ఎప్పటిలాగే మొదటినుంచీ చెప్పింది. ఇన్నాళ్లలో ఆ కథ విని వెనక్కి జరగకుండా ముందుకొచ్చిన మనిషి ఆ డాక్టరొక్కతే. ఇద్దర్నీ గదిలో కూర్చోబెట్టి స్టెతస్కోపు పెట్టి విన్నది. రత్నం చేత కూడా ఊపిరి బలం కొలిచే గొట్టంలోకి ఊదించింది. ఆ గొట్టంలో బంతి పైకి లేవాల్సినంత లేవలేదు.

"ఈమెది టీబీ కాకపోవచ్చని నాకు మొదటినుంచీ అనుమానమే," అంది షకీలా. "స్కానింగులో మచ్చలున్నాయి కానీ దేనివల్లో చెప్పలేకపోతున్నాం. ఇంతవరకూ నాకు దొరికిన ఆధారం ఆ గేటు మోతొక్కటే. అమ్మా, మీకు విసుగ్గా ఉంటుందని తెలుసు. కానీ అది ఆగిపోతే వైద్యం ఎటు నుంచి మొదలుపెట్టాలో కూడా నాకు తెలియదు."

రత్నం ఆసుపత్రి నుంచి నేరుగా హైమ ఇంటికొచ్చింది. వాకిట్లో నిలబడే, "సంతకం పెట్టకు," అంది.

"పెట్టలేదు."

"పెట్టకు. బంగారమ్మ పీల్చలేకపోతున్నాది వదినా. పక్కన కూకుంటే నాకూ ఊపిరాడతం నేదనిపించినాది. దాన్ని ఈ పొడి తింటున్నాదని ఎవులికి తెలస్తాది, ఈ మోత ఆపీసినామంటే?" గడప మీద కూలబడి కాసేపు ఊపిరి తీసుకుంది. "మోగనీ. ఇంకేటి సేస్తాం, మోగనీ."

*

హైమ సంతకం పెట్టనని చెప్పిన రోజు నుంచి ఆమెకు పని లేకుండా చేశారు. తీసెయ్యలేదు. తీసేస్తే నోరు విప్పుతుందని భయం. రోజూ మెళ్లో కార్డు వేసుకుని వెళ్లి ఖాళీ బల్ల ముందు కూర్చుని రావాలి. ఆమె సంతకం లేకుండా నంబర్లు తీసేయాలంటే రిజిస్టరు పెట్టిన వ్యాపారస్తుల సంఘమంతా ఒప్పుకోవాలి. కంపెనీ ఆ ప్రయత్నం మొదలుపెట్టింది. ఇటు బంగారమ్మ సంగతి తెలిశాక మనసు మార్చుకున్న ఆడవాళ్లు కార్మిక శాఖలో ఫిర్యాదు చేశారు. ఏది ముందు తేలుతుందో ఎవరికీ తెలియదు.

విచారణకు విశాఖపట్నం వెళ్లాలి. వెళ్లిన ప్రతిసారీ ఏదో ఒకటి తక్కువయ్యేది. ఒకసారి అధికారి సెలవు, ఒకసారి కంపెనీ లాయరు రాలేదు, ఒకసారి కరెంటు లేదు. ఆడవాళ్లు వరండాలో వరసగా కూర్చుని తెచ్చుకున్న పులిహోర తిని, ముఖాలు కడుక్కుని తిరుగు బస్సు ఎక్కేవారు. అలా తిరుగుతుండగానే బంగారమ్మ చనిపోయింది. చావు కాగితంలో టీబీ అనే రాశారు. తర్వాతి వాయిదాకు ఆమె ఫొటో పట్టుకుని ఆమె అక్క వచ్చింది.

ఎట్టకేలకు ఒక రోజు గేటును హాల్లోకి తెచ్చి నిలబెట్టారు. విచారణ అధికారిణి తల నెరిసిన మనిషి, బల్ల మీద ఫైళ్ల వెనక సగమే కనపడుతోంది. ఒక పక్క రంగనాథరాజు, మరికొందరు కంపెనీ ఆఫీసర్లు కూర్చున్నారు. కంపెనీ లాయరు లేచాడు.

"అమ్మా, ఈ గేట్లు ప్రతిదానికీ మోగుతాయి. ముందు నింపే గదితో సంబంధం లేని మనిషిని నడిపించండి. అప్పుడు కదా తేడా తెలిసేది."

అది న్యాయమే అనిపించి హైమ తనే లేచింది. పలకల మధ్య నుంచి నడిచి అవతలికి వెళ్లింది. చప్పుడు లేదు.

అధికారిణి కళ్లజోడు పైకి జరుపుకుంది. "మెళ్లో అదేమిటమ్మా?"

"స్టాఫ్ కార్డండీ. మేం రోజూ నమూనాలు పట్టుకుని తిరుగుతుంటాం. ఇది వేసుకున్నవాళ్ల దగ్గర ఏమున్నా గేటు పట్టించుకోదు." ఎన్నోసార్లు కొత్త ఉద్యోగులకు చెప్పిన మాట అది. నోరు తనంతట తానే చెప్పేసింది. చెప్పడం పూర్తయ్యాకగానీ ఏం చెప్పిందో చెవికెక్కలేదు.

"అయితే తీసి నడవండి."

హైమ కార్డు తీసి బల్ల మీద పెట్టింది. ప్రయోగశాలలో, మేకల ఊపిరితిత్తుల దగ్గర, చివరికి ఆ బట్టల దుకాణంలో కూడా అది ఆమె మెళ్లోనే ఉంది. స్నానానికి తప్ప తీసేది కాదు. తిరిగి నడవడం మొదలుపెట్టింది. పలకల మధ్యకు వచ్చిందో లేదో ఎర్రదీపం వెలిగి గేటు మోగింది. తెర మీద చీరలు రాలేదు, కుక్కర్లు రాలేదు. ఫ్యాక్టరీ కట్టకముందు, ఇంకా పేరు కూడా పెట్టనప్పుడు, ఆమే తన చేతులతో చేసిన మొట్టమొదటి పొడి నంబర్లు వచ్చాయి, తర్వాత రిజిస్టరు మొదలుపెట్టినప్పుడు నమూనాలుగా ఆమే ఎక్కించినవి.

మోత ఆగలేదు. అవతలి బెంచీ మీంచి రత్నం లేచి నిలబడింది.

"వదినా," అంది. "నీకూనా?"

హైమ తలూపింది. కదలాలని తోచలేదు. కంపెనీ వాళ్ల వైపు రంగనాథరాజు చెయ్యి తన మెళ్లో కార్డు మీదికి వెళ్లింది. ఆ మొదటి రోజుల్లో పక్కనే నిలబడి ఆ పొడి కలిపింది ఆయనే. ఆయన కార్డు తియ్యలేదు. గట్టిగా పట్టుకుని అలాగే కూర్చున్నాడు. ఆయన పక్కనున్న ఆఫీసర్లు ఒకరి మెడ వైపు ఒకరు చూసుకున్నారు. రత్నం నడుచుకుంటూ వచ్చి పలకల మధ్యకు, హైమ పక్కకు చేరింది. తెర మీద పేర్లు నిండిపోయి కిందికి జారుతున్నాయి. ఇక చాలు, ఆపండి అని అధికారిణి చెప్పేదాకా ఇద్దరూ అక్కడే ఉన్నారు.

*

ఉత్తర్వు రావడానికి మళ్లీ చాలాకాలం పట్టింది. ఆ గదిలో పనిచేసిన వాళ్లందరికీ కంపెనీ ఖర్చుతో బతికున్నంత కాలం వైద్యం జరగాలన్నారు. నంబర్లను రిజిస్టరులోంచి ఎవరూ తీసెయ్యకూడదన్నారు. అంటే మోత కూడా బతికున్నంత కాలమూ ఉంటుంది. ఫ్యాక్టరీ మూతపడింది. రంగనాథరాజు ఆస్తులమ్మి డబ్బు కట్టాడు. ఆయనకీ ఆయాసం మొదలైందని విన్నారు. పొడిని బయటికి తెచ్చే ఉపాయం ఏదీ ఇంకా దొరకలేదు. షకీలా ఆసుపత్రిలో ఇచ్చిన ఓ చిన్న గదిలో హైమ వారానికి కొన్ని రోజులు దాని మీదే పనిచేస్తోంది.

ఉత్తర్వు కాగితం తీసుకున్న సాయంత్రం ఇద్దరూ విశాఖపట్నంలో అనకాపల్లి బస్సెక్కారు. రత్నం కిటికీ పక్కన కూర్చుంది. గాజువాక దాటేదాకా కళ్లు మూసుకునే ఉంది. నిద్రపోయిందేమో అనుకుని హైమ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని మెల్లగా దగ్గింది. ఇంకోసారి దగ్గింది.

"ఎప్పుట్నించి?" అంది రత్నం కళ్లు తెరవకుండానే.

"తెలీదు. పట్టించుకోలేదు."

"ఊదినావా, ఆ గొట్టంలో?"

"రేపు ఊదుతా."

రత్నం కళ్లు తెరిచి ఆమె ముఖంలోకి చూసింది. తర్వాత ముందు సీటు కమ్మీ పట్టుకుని లేచింది. బస్సు కుదుపుకు తూలి, హైమ భుజం పట్టుకుని నిలదొక్కుకుంది.

"ఇటు జరుగు వదినా," అంది. "కిటికీ కాడ కూకో. కూసింత గాలి తగుల్తాది."